వైజాగ్ ఇంట్లో ఐసోపాడ్‌లు: పట్టుకోవడం, పెంచడం, చావకుండా చూసుకోవడం

"పూలకుండీ ఎత్తితే కింద బూడిదరంగు పురుగులు చెల్లాచెదురై పారిపోయాయి. ఒకదాన్ని ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంది. ఇవేంటి, పెంచుకోవచ్చా?" వానలు మొదలైతే చాలు, నన్ను ఇదే అడుగుతారు. అవి ఐసోపాడ్‌లు, పెంచుకోవచ్చు. ఆగస్టు వచ్చేసరికి అదే మనుషుల దగ్గర్నుంచి ఇంకో ప్రశ్న: "పెట్టినవన్నీ చచ్చిపోయాయి, ఏం తప్పు చేశాను?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక, అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాల వాళ్లు హీటర్లు తిరిగే పొడి గదుల్లో ఉండి ఇచ్చినవి. రోజూ నీళ్లు చల్లమంటారు, మూత బిగించమంటారు. మన ఊళ్లో వానాకాలం ఉతికిన జీన్స్ రెండ్రోజులైనా ఆరదు. ఇక్కడా అలాగే చేస్తే పెట్టె మురుగుగుంట అవుతుంది. నా మొదటి పెట్టె సరిగ్గా మూడు వారాలకు అలాగే పోయింది. విశాఖలో వీటిని ఎండ కంటే గాలాడని తడే ఎక్కువగా చంపుతుంది. కింద రాసినదాంట్లో సగం దాని గురించే.

ఐసోపాడ్‌లు కీటకాలు కావు, రొయ్యలకూ పీతలకూ బంధువులు. పొట్ట కింద మొప్పల్లాంటి భాగాలతో ఊపిరి తీసుకుంటాయి. అవి తడిగా ఉండాలి కానీ మునిగిపోకూడదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

పట్టడానికి: ప్లాస్టిక్ స్పూను, పిల్లల పెయింటింగ్ బ్రష్, తెల్లటి ప్లేటు, మూతకు చిల్లులు పెట్టిన రెండు మూడు చిన్న డబ్బాలు, టార్చిలైటు, రాళ్లు కదపడానికి జానెడు కర్ర. కాళ్లకు బూట్లు, చేతికి గ్లౌజులు.

పెంచడానికి: సుమారు ఐదు లీటర్లు పట్టే, గోడలు నున్నగా ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె (నున్నటి గోడ తేలిగ్గా ఎక్కలేవు), దోమతెర ముక్క, గ్లూగన్, తోటమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పుచ్చిన చెక్క, ఎండుటాకులు, కొబ్బరిపీచు, బెరడు ముక్క, కోడిగుడ్డు పెంకులు. పెట్టె, గ్లూగన్, కోకోపీట్ తప్ప మిగతావి దాదాపు ఊరికే దొరుకుతాయి.

1. ఎక్కడ వెతకాలి, ఎక్కడ వెతకకూడదు

జూన్ చివర్నుంచి నవంబరు దాకా మంచి కాలం. రాత్రి వాన పడి తెల్లారి ఆగితే, ఆ ఉదయం వెళ్లండి. కుండీల అడుగున, కొబ్బరిచెట్టు మొదట్లో, తులసికోట పక్కన కదిలే ఇటుకల కింద, ఆకులు పోగుచేసిన మూల చూడండి. ఎండాకాలంలో అయితే ఏసీ పైపు నీళ్లు బొట్లుబొట్లుగా పడే చోటు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు అంతకు మించిన చోటు లేదు. మే నెలలో ఊరంతా ఎండిపోయినా అక్కడ మాత్రం ఉంటాయి.

కంబాలకొండ అభయారణ్యం నుంచి ఏదీ తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో నుంచి జీవుల్ని తీసుకెళ్లడం నేరం, అవి ఎంత చిన్నవైనా సరే. జూ పార్కు, రిజర్వు ఫారెస్టు కొండలు కూడా వదిలేయండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వడం అసలే వద్దు. మీ పెరడు, లేదా అడిగి వెళ్లే తెలిసినవాళ్ల పెరడు సరిపోతుంది.

బీచ్ రోడ్డు వెంట సముద్రపు రాళ్ల మీద బొద్దింకల్లా పరుగులు తీసేవి కూడా ఐసోపాడ్‌లే. వాటికి ఉప్పు తడి, అలల గాలి కావాలి. ఇంటికి తెస్తే ఎక్కువ రోజులు బతకవు. చూసి వచ్చేయండి.

2. రాయి ఎత్తే పద్ధతి

రాయినిగానీ దుంగనుగానీ అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు ఎత్తాలి. కింద తేలో జెర్రో కట్లపామో ఉంటే అది మీ కాళ్ల మీదికి కాకుండా అవతలికి పోతుంది. ముందు కర్రతో కాస్త కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. చూడటం అయ్యాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేయండి. కింద ఉన్నవాటికి అది ఇంటి పైకప్పు.

పొదలు, గడ్డి ఉన్నచోట తిరిగొస్తే వెంటనే స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేయండి. కంటికి కనిపించీ కనిపించని చిగ్గర్ పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. వారం పది రోజుల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, పొదల్లో తిరిగిన సంగతి కూడా చెప్పండి.

రాళ్లు ఎత్తడం ఇష్టం లేనివాళ్లకు ఉచ్చులున్నాయి. బంగాళాదుంపను సగానికి కోసి, మధ్యలో గుల్ల చేసి, కోసిన వైపు నేలకు ఆనేలా సాయంత్రం బోర్లించండి. తెల్లారి ఎత్తితే గుల్లలో దూరి ఉంటాయి. కొబ్బరిచిప్ప బోర్లించినా, తడి గోనెసంచి పరిచినా అంతే. నాకు గోనెసంచి ఎప్పుడూ మోసం చేయలేదు. బంగాళాదుంపను మాత్రం రెండుసార్లు పందికొక్కు ఎత్తుకుపోయింది.

3. పట్టింది ఐసోపాడేనా?

తెల్ల ప్లేటులో వేసి కాళ్లు చూడండి. ఐసోపాడ్‌కు ఏడు జతలు, అంటే పద్నాలుగు. కొన్ని రకాలు ముట్టుకుంటే చుట్టుకుంటాయి, కొన్ని చుట్టుకోకుండా పరుగెత్తుతాయి. రెండూ పెంచదగినవే.

ఆరు కాళ్లతో వేగంగా పరుగెత్తితే అది బొద్దింక పిల్ల. నవ్వకండి, ఒకాయన రెండు నెలలు వాటిని పోషించాడు. ఒక్కో కణుపుకు రెండేసి జతల కాళ్లుంటే రోకలిబండ. కొన్ని పొట్టి రోకలిబండలు కూడా అచ్చం ఐసోపాడ్‌లానే ఉండ చుట్టుకుంటాయి కాబట్టి, చుట్టుకోవడాన్ని బట్టి నిర్ణయించొద్దు. కాళ్లు లెక్కపెట్టాల్సిందే.

ఆరుద్ర పురుగులు కనిపిస్తే చూసి మురిసిపోండి, డబ్బాలో వేయకండి. ఎదిగినవి చెదపురుగుల్లాంటివాటిని తింటాయి, పిల్లదశలో మిడతల్లాంటివాటి మీద పడి బతుకుతాయి. ఆ ఏర్పాటు మన ఇళ్లలో కుదరదు. పెద్ద ఆఫ్రికా నత్తలను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. వాటిలో ఉండే ఒకరకం నులిపురుగు మనిషి మెదడుకు హాని చేయగలదు.

పదిహేను ఇరవై ఐసోపాడ్‌లు పట్టుకుంటే చాలు, అన్నీ ఒకే రకానివై ఉండాలి. చిన్నవీ పెద్దవీ కలిపి తీసుకోండి. బ్రష్‌తో స్పూనులోకి తోయండి, వేళ్లతో నొక్కి పట్టుకోవద్దు. డబ్బాలో అక్కడి ఆకులే గుప్పెడు వేయండి, నీళ్లు పోయొద్దు. డబ్బాను ఎండలో, స్కూటీ డిక్కీలో పెట్టకండి. మర్రిపాలెం నుంచి ఇంటికొచ్చే అరగంటలో నా డబ్బా ఒకటి డిక్కీలోనే ఉడికిపోయింది.

4. మట్టి, ఆకులు సిద్ధం చేయడం

కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు. బకెట్లో నానబెట్టి, పిండి, నీళ్లు పారబోయండి. ఇలా మూడుసార్లు. తర్వాత రెండు పాళ్లు మందులు వేయని తోటమట్టి, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు చేత్తో నలిపితే పొడయ్యేంత పుచ్చిన చెక్క కలపండి. చారెడు ఇసుక వేయొచ్చు, బీచ్ ఇసుక మాత్రం వద్దు.

ఆకుల దగ్గర కాస్త ఆగుదాం. వీటి అసలు తిండి ఆకులే, కూరగాయలు చిరుతిండి మాత్రమే. మనకు నాటుబాదం ఆకుకు కొదవ లేదు. పెద్దది, మెత్తబడుతుంది, ఇష్టంగా తింటాయి. మామిడి, పనస, రావి, ఎండు అరటాకు కూడా మంచివే. వేప, కానుగ, నీలగిరి వద్దు. మొదటి రెండింటిలో పురుగుల్ని చంపే గుణం ఉంది, మూడోదాంట్లో ఘాటు నూనె. సరుగుడు పోచలు కుళ్లడానికి ఏళ్లు పడుతుంది, దండగ. చెట్టు మీద నుంచి కోసిన పచ్చాకు కాదు, తనంతట తాను ఎండి రాలిన గోధుమరంగు ఆకే తీసుకోండి. ట్రాఫిక్ మసి పట్టినవి, దోమలకు పొగ కొట్టే వీధిలోవి వద్దు.

ఆకుల్ని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, వార్చి, ఆరబెట్టండి. జెర్రి పిల్లలు, సాలీళ్లు, చీమలు అక్కడే ఆగిపోతాయి. నీళ్లు టీ రంగులోకి వస్తే కంగారుపడొద్దు, అది ఆకు రంగే.

5. పెట్టె కట్టడం

పెట్టెకు ఎదురెదురు గోడల్లో, పైభాగాన, అరచేతిలో సగమంత కిటికీ ఒక్కోటి కోయండి. కాల్చిన మేకుతో చిల్లులు పెట్టుకుంటూ పోతే తేలిగ్గా తెగుతుంది. లోపలివైపు దోమతెర అంటించండి. మూతకు మాత్రమే చిల్లులు పెట్టే పద్ధతి చాలాచోట్ల చూస్తారు. మన గాలికి అది చాలదు, అటు నుంచి ఇటు గాలి ఆడాలి.

అడుగున రెండంగుళాల నుంచి మూడంగుళాలు మట్టి. ఒక మూల, మొత్తంలో మూడోవంతు జాగాలో, కడిగి నానబెట్టిన కొబ్బరిపీచు కుక్కండి. అది తడిమూల. ఎదుటి మూల పొడిగా ఉండాలి, అక్కడ బెరడు ముక్క పెట్టండి. పైన అంతా రెండంగుళాల ఆకులు.

తడి సరిగ్గా ఉందా? తడిమూల పక్కన మట్టి గుప్పిట్లోకి తీసుకుని పిండండి. ఉండ కట్టి, ఒక్క చుక్క కూడా కారకపోతే సరిగ్గా ఉంది. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారితే కాగితం మీద పరిచి పూట ఆరబెట్టండి. ఉండ కట్టకుండా రాలిపోతే కొన్ని నీళ్లు కావాలి.

నీళ్ల సంగతి: కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లో ఒక రాత్రి మూత లేకుండా ఉంచి వాడండి. సముద్రానికి దగ్గరి కాలనీల్లో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పన, అవి వద్దు. పట్టి పెట్టుకున్న వాననీళ్లు అన్నిటికంటే మేలు.

6. రెండు వారాలు వేరుగా

తెచ్చినవాటిని నేరుగా పెట్టెలో వేయకండి. చిన్న డబ్బాలో తడి టిష్యూ, రెండు ఆకులు వేసి రెండు వారాలు విడిగా ఉంచండి. ఈలోగా ఒళ్లంతా నీలం-ఊదా రంగులో మెరిసేవి కనిపిస్తే అది అందం కాదు, వైరస్ జబ్బు. వాటిని తీసేయండి, కలిపి పెట్టకండి. సహజంగా బూడిద పూసినట్టు లేత నీలంగా ఉండే రకాలూ ఉన్నాయి. అవి మసకగా ఉంటాయి. జబ్బువి నిగనిగలాడతాయి.

7. తిండి, సున్నం

ఆకులు ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి గోరంత కీరా, క్యారెట్ లేదా సొరకాయ ముక్క, బాగా కడిగి. పదిహేను రోజులకోసారి ఎండురొయ్య ఒకటి, ఉప్పు పోయేదాకా నానబెట్టి. మిగిలింది మర్నాటికి తీసేయండి. మాంసకృత్తులు మరీ తగ్గితే పొర విడుస్తున్న బలహీనమైనవాటిని కొరికేస్తాయి, మరీ ఎక్కువైతే పెట్టె నిండా సన్న పురుగులు పడతాయి.

పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి. గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో పొడి చేసి చల్లండి. ఇంకా మంచిది సముద్రపు నురుగు, అంటే బీచ్‌కు కొట్టుకొచ్చే తెల్లటి తేలికపాటి బిళ్ల. అది కటిల్‌ఫిష్ లోపలి పెంకు. రుషికొండ వైపు నడుస్తుంటే దొరుకుతుంటాయి. రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, ముక్క పెట్టెలో ఉంచండి. తాంబూలంలోకి వాడే సున్నం మాత్రం వేయొద్దు. "సున్నమే కదా" అని వేసినవాళ్లు ఇద్దరున్నారు. అది పురుగుల్ని కాల్చేస్తుంది.

8. ఎక్కడ పెట్టాలి

వెలుతురు ఉండి ఎండ పడని చోట, నేలకు దగ్గరగా. 24 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. పై అంతస్తులో, డాబా కింద గదిలో ఉండేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో అల్మరా అడుగు అరలోకి దించండి. ఫ్రిజ్ మీద పెట్టొద్దు, వెనక నుంచి సెగ వస్తుంది.

చీమల గురించి చెప్పకుండా వైజాగ్‌లో ఏదీ పెంచలేం. ఒక్క రాత్రిలో మొత్తం ఎత్తుకుపోతాయి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో బోర్లించిన గిన్నె మీద పెట్టె పెట్టండి. పెట్టె గోడకు తగలకూడదు, కర్టెను కూడా తగలకూడదు. నా పెట్టెకు చీమలు కర్టెను మీద నుంచే దిగాయి. పళ్లెంలో నీళ్లు మూడు రోజులకోసారి పారబోసి, కొత్తగా పోసిన నీళ్లలో డిటర్జెంటు చుక్క వేయండి. లేదంటే డెంగీ దోమలను కూడా పెంచినట్టవుతుంది. చీమల సుద్దముక్క, దోమల లిక్విడ్, కాయిల్ ఆ గదిలో వాడొద్దు, వాటిలోని మందు వీటిని కూడా చంపుతుంది. వీధిలో ఫాగింగ్ బండి శబ్దం వినపడితే కిటికీలు మూసి పెట్టెను బాత్రూంలోకి మార్చండి.

స్ప్రింగ్‌టెయిల్స్: బూజు తినే సహాయకులు

పెట్టెలో బూజు రాకుండా చూసేవి ఇవే. కుండీ కింద పళ్లెంలో నీళ్ల మీద తెల్లగా, రవ్వ కంటే సన్నగా తేలుతూ ఎగిరేవి చూసే ఉంటారు. ఇస్త్రీ బండి దగ్గర నాలుగు బొగ్గు ముక్కలు అడగండి, బూడిద వద్దు. కడిగి డబ్బాలో వేసి, బొగ్గు మూడోవంతు మునిగేలా నీళ్లు పోసి, బ్రష్‌తో వీటిని బొగ్గు మీదికి తోయండి. ఐదారు బియ్యం గింజలు వేసి మూత పెట్టండి. వారానికోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. నెల రోజుల్లో బొగ్గు తెల్లగా పాకుతూ కనిపిస్తుంది. ఒక ముక్క తీసి పెట్టె మీద తట్టండి, అంతే.

కళ్లకు దొరకకపోతే గరాటు పద్ధతి ఉంది. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త బెర్లీసీ 1905లో వేడినీళ్ల తొడుగుతో ఈ గరాటును తయారుచేశాడు, తర్వాత స్వీడన్‌కు చెందిన టుల్‌గ్రెన్ ఆ వేడికి బల్బు వాడాడు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, మూత తీసి, మిగతా సగంలో తలకిందులుగా దించండి. మెడ దగ్గర షేడ్‌నెట్ (మొక్కలకు నీడ కోసం కట్టే వల) ముక్క అడ్డం పెట్టి, పైన తడి ఆకుచెత్త వేయండి. సీసా అడుగున తడి టిష్యూ. జానెడు పైన బల్బు వేలాడదీసి రెండు మూడు రోజులు ఉంచితే, వేడికీ వెలుగుకీ భయపడి అన్నీ కిందికి దిగుతాయి. ఎల్ఈడీ బల్బు పెట్టి "ఏమీ రాలేదు" అని చాలామంది అంటారు. దానికి వేడి పుట్టదు, పాతరకం 40 వాట్ల బల్బు కావాలి. బల్బు ఆకులకు తగలకుండా చూడండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆపేయండి.

రోకలిబండలు పెంచాలనుకుంటే పెట్టె వేరు, మట్టి కనీసం నాలుగంగుళాలు, పుచ్చిన చెక్క ఎక్కువ. గాలాడని డబ్బాలో వేయొద్దు. కొన్ని రకాలు బెదిరితే సైనైడ్ వాయువు వదులుతాయి, బిగించిన డబ్బాలో దానికి అవే చనిపోతాయి. ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోవద్దు.

బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది

వాసన చూడండి. తొలకరి మట్టి వాసన వస్తే బాగుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగు మట్టికి గాలి ఆడటం లేదు, ఆ భాగం తీసేసి కొత్త మట్టి వేయండి, వారం నీళ్లు ఆపండి.

అవి ఎక్కడున్నాయో చూడండి. అన్నీ తడిమూలలోనే గుమిగూడితే మిగతాది మరీ పొడి. అన్నీ పొడి మూలలోకి, గోడల మీదికి, కిటికీ దగ్గరికి చేరితే తడి ఎక్కువైంది. మూత లోపల నీటి బొట్లు రోజంతా నిలిచి ఉన్నా అదే సంగతి. జులై నుంచి అక్టోబరు దాకా నేను తడిమూలలో వారానికి రెండు చెంచాలకు మించి పోయను. కొన్ని వారాలు అసలు పోయను.

మూడో నాలుగో వారానికి ఆకులు ఈనెలు మిగిలి జల్లెడలా కావాలి. ఆకు అలాగే ఉంటే అవి తినడం లేదు, లేదా ఆకు ఇంకా పచ్చిది.

సగం ఒళ్లు తెల్లగా, సగం మామూలుగా ఉన్నది కనిపిస్తే జబ్బనుకుని పారేయకండి. ఇవి పొరను రెండు విడతలుగా విడుస్తాయి, ముందు వెనకసగం, తర్వాత ముందుసగం. విడిచిన పొరను తామే తింటాయి. ఆ రెండు మూడు రోజులు కదపొద్దు.

ఆడదాని పొట్ట కింద లేత పసుపు ఉబ్బు కనిపిస్తే గుడ్ల సంచి. కొన్ని వారాల తర్వాత బెరడు ఎత్తితే, బొంబాయిరవ్వ పాకుతున్నట్టు తెల్లటి పిల్లలు. వాటికి మొదట్లో ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత తర్వాత వస్తుంది. అప్పటి నుంచి నెలరోజులు మట్టి తవ్వొద్దు, పాత మట్టి మార్చొద్దు. "శుభ్రం చేద్దామని" మట్టితో పాటు పిల్లలన్నీ పారబోయడం ఈ ఊళ్లో నేను ఎక్కువగా విన్న తప్పు.

లెక్క కావాలంటే వారానికోసారి, అదే రోజు, రాత్రి తొమ్మిది తర్వాత బెరడు కింద ఉన్నవి మాత్రమే లెక్కపెట్టి రాసుకోండి. ఒక వారం తగ్గితే టెన్షన్ పడొద్దు, వరసగా మూడు వారాలు తగ్గితే తడీ వాసనా మళ్లీ చూడండి.

పెట్టె నిండిపోతే పట్టిన పెరట్లోనే కొన్ని వదిలేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న విదేశీ రకాలను మాత్రం ఎక్కడా బయట వదలకండి. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఇరవై పురుగులతో పాటు పాత మట్టి రెండు గుప్పెళ్లు, సగం నమిలిన ఆకులు కూడా కట్టివ్వండి. ఉత్త పురుగులు ఇచ్చినప్పుడు సగం పోయాయి, మట్టితో ఇచ్చినవి దాదాపు అన్నీ బతికాయి.